సముద్రం మీద తొలి రాత్రివేట

చికాగో నగరపు ఓహేర్ విమానాశ్రయం పేరు విననివారు నేడు తక్కువ. అమెరికాలో ఉన్న పిల్లలను చూడబోయే మన తల్లిదండ్రులు ఎందరో అక్కడ దిగి విమానం మారుతుంటారు. ఆ పేరు గల మనిషి ఎవరో, అతడు ఎట్లా పోయాడో తెలిసినవారు మాత్రం అరుదు. 1949 వరకు ఆ చోటును ఆర్చర్డ్ అనేవారు. ఆ పాతపేరు గుర్తుగానే టికెట్ల మీద ఓ.ఆర్.డి. అనే అక్షరాలు నేటికీ అచ్చవుతున్నాయి.

ఎడ్వర్డ్ హెన్రీ ఓహేర్ అమెరికా నౌకాదళంలో వైమానికుడు. విమానవాహక నౌక డెక్కు మీదనుండి లేచి తిరిగి ఆ డెక్కు మీదనే దిగవలసిన వృత్తి అతనిది. 1943 నవంబరు 26 రాత్రి, పసిఫిక్ మహాసముద్రం మీద, తన 29వ ఏట కనబడకుండా పోయాడు. అతని కథను వీరగాథగా చెప్పినవారు చాలామంది ఉన్నారు. భౌతికశాస్త్రం చెప్పే నాకు మాత్రం ఆ కథలో మరొక సంగతి ముఖ్యంగా కనిపిస్తున్నది. మైళ్ళ దూరాన ఉన్నదాన్ని చూపగల ఒక కొత్త యంత్రం అప్పుడే చేతికి వచ్చినది. దగ్గరకు వచ్చినదాన్ని స్వపక్షమో పరపక్షమో పోల్చుకోవలసిన పని ఇంకా మనిషి కంటికే మిగిలి ఉన్నది. ఈ రెంటికీ నడుమ కొన్ని వందల గజాల చీకటి ఉండిపోయినది. ఓహేర్ ఆ చీకటిలో పోయాడు.

అతడు 1914 మార్చి 13న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయీ నగరంలో పుట్టాడు. తండ్రి న్యాయవాది. చికాగో నేరసామ్రాజ్యానికి నాయకుడైన ఆల్ కాపోన్‌తో వ్యాపారసంబంధాలు పెట్టుకొని, తరువాత అతనిమీద ఆదాయపుపన్ను కేసు రుజువు కావడానికి ప్రభుత్వానికి తోడ్పడిన మనిషి. 1939 నవంబరులో ఆ తండ్రిని చికాగో వీధిలో కాల్చి చంపారు. కొడుకు అప్పటికి అన్నపోలిస్ నౌకాదళ విద్యాలయంలో చదువు ముగించి (1937), రెండేళ్ళు యుద్ధనౌక మీద పనిచేసి, విమానచోదనం నేర్చుకుంటున్నాడు. తండ్రి కథను కొడుకు కథకు ముడివేసి నీతి చెప్పే వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో నిజంకంటె అల్లిక ఎక్కువ. కాబట్టి మనం ఆ దారి పట్టవద్దు.

1940లో అతడు ఒక యుద్ధవిమాన దళంలో చేరాడు. ఆ దళానికి త్వరలోనే జాన్ థాచ్ నాయకుడైనాడు. థాచ్ గురువుగా గట్టివాడు. కొత్తగా వచ్చిన ప్రతి వైమానికునికి ముందుగా నేర్పించినది, ఎగిరే లక్ష్యాన్ని పక్కనుండి కొట్టే విద్య. ఇది చెప్పినంత సులభం కాదు. లెక్క వేసి చూద్దాం. ఆనాటి అరంగుళం మరతుపాకి తూటా సెకండుకు సుమారు 870 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. లక్ష్యం 300 మీటర్ల దూరంలో ఉంటే తూటా అక్కడికి చేరడానికి సెకండులో మూడోవంతుకు పైగా పడుతుంది. ఈలోగా సెకండుకు 100 మీటర్ల వేగంతో పోయే బాంబరు దాదాపు 35 మీటర్లు ముందుకు సాగిపోతుంది. ఆ బాంబరు పొడవు 20 మీటర్లే! అంటే బాంబరు మీదనే గురిపెట్టి కాల్చినవాడి తూటాలు దాని తోక వెనుక ఖాళీగాలిలోకి పోతాయి. విమానానికి ముందు, ఏమీ లేని ఆకాశంలోకి గురిపెట్టాలి. ఎంత ముందుకు అన్నది దూరాన్నిబట్టి, కోణాన్నిబట్టి, తన వేగాన్నిబట్టి క్షణక్షణం మారుతుంటుంది. పారే గొర్రె ముందుకు రాయి విసరి మళ్ళించే కాపరి ఈ లెక్క కాగితం లేకుండానే చేస్తాడు. ఓహేర్ కూడా అట్లాంటివాడే. మొదటినుండీ మంచి గురికాడు.

ఈ విద్య అక్కరకు వచ్చిన రోజు 1942 ఫిబ్రవరి 20. పర్ల్ హార్బర్ దాడి జరిగి అప్పటికి మూడు నెలలు కాలేదు. ఓహేర్ దళపు సొంత నౌక సరటోగా జనవరిలో టార్పెడో దెబ్బ తిని మరమ్మతుకు పోగా, దళాన్ని లెక్సింగ్టన్ అనే నౌకకు మార్చారు. జపాను సేనలు పట్టుకున్న రబౌల్ రేవు మీద దాడి చేయడానికి లెక్సింగ్టన్ బయలుదేరినది. ఉదయమే నౌక మీది రాడార్ సుమారు 35 మైళ్ళ దూరంలో ఒక అపరిచిత విమానాన్ని పసికట్టినది. జపాను వారి పెద్ద నీటివిమానం అది. థాచ్ తోటివానితో పోయి దాన్ని కూల్చాడు. కాని అప్పటికే అది రబౌల్‌కు కబురు పంపినది.

మధ్యాహ్నం తరువాత రబౌల్ నుండి 17 బాంబర్లు రెండు గుంపులుగా వచ్చాయి. వాటికి తోడుగా యుద్ధవిమానాలు లేవు. అంతదూరం రాగల ఏర్పాటు వాటికి ఆనాడు లేదు. మొదటి గుంపులోని తొమ్మిదింటిమీదికి నౌక విమానాలన్నీ పోయి తరుముతున్నాయి. అప్పుడు రాడార్ తెరమీద రెండో గుంపు కనిపించినది. దూరం 12 మైళ్ళు. అంటే దాదాపు నాలుగు నిమిషాల ప్రయాణం. ఆ దిక్కున మిగిలినవి రెండే విమానాలు: ఓహేర్, అతని జంట వైమానికుడు మారియన్ డ్యుఫిలో. దగ్గరకు పోయేసరికి డ్యుఫిలో విమానంలోని తుపాకులు పట్టేశాయి. ఇక ఓహేర్ ఒక్కడు, ఎదుట ఎనిమిది బాంబర్లు.

అతడు నడుపుతున్నది గ్రమ్మన్ వైల్డ్‌కాట్. నాలుగు మరతుపాకులు, ఒక్కొక్కదానికి 450 తూటాలు. మీట ఆపకుండా నొక్కితే మొత్తం 34 సెకండ్లలో అయిపోతాయి. ఆ 34 సెకండ్ల నిప్పును అతడు ఎనిమిదింటికి పంచవలసి ఉన్నది. గుంపుకు కుడివైపు ఎత్తునుండి దూకి, ఇంజన్లకు గురిపెట్టి, చిన్న చిన్న విడతలుగా కాల్చి, అడ్డంగా దాటి, రెండోవైపునుండి మళ్ళీ వచ్చాడు. ఆ జపాను బాంబర్లు దూరప్రయాణానికని తేలికగా కట్టినవి. రెక్కలలోని పెట్రోలు తొట్లకు తూటాలనుండి రక్షణ లేదు. ఆ పొదుపే వాటికి అంత దూరం పోగల శక్తినిచ్చినది, ఆ పొదుపే వాటిని త్వరగా మండించినది. నాయకుని విమానంలో ఒక ఇంజను బిగింపులు తెగి ఊడి పడిపోయినది. నాలుగు నిమిషాలలో పని ముగిసినది. నౌకకు ఒక్క బాంబు తగలలేదు. తిరిగి వస్తున్న ఓహేర్ మీదికి సొంత నౌకలోని ఒక గన్నరు శత్రువనుకొని కాల్చాడు. తగలలేదు కనుక అది నవ్వులాటగా పోయినది. పాఠకులు మాత్రం ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక్కొక్క బాంబరుకు ఓహేర్ సగటున 60 తూటాలే వాడాడని థాచ్ లెక్కకట్టాడు. ఐదు బాంబర్లు కూల్చినట్లు నౌకాదళం గుర్తించినది. యుద్ధానంతరం జపాను పత్రాలతో సరిచూసిన చరిత్రకారులు ఆ సంఖ్యను తగ్గించారు. గాలిలో అటువంటి క్షణాలలో లెక్క తప్పడం సహజం. నౌక నిలిచిన మాట మాత్రం నిజం. కూలిన ప్రతి బాంబరులోనూ ఏడెనిమిది మంది మనుషులు ఉన్నారన్న మాట కూడా నిజమే.

అదే ఏడు ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. దిగంతంలో ఎక్కడో కనబడని నౌక ఒకటి, తలమీద విమానాలు. సముద్రం మీద యుద్ధం ఎంత మారిపోయినదో మన తీరవాసులకు ఆ ఒక్కరోజులో తెలిసినది.

1942 ఏప్రిల్ 21న అధ్యక్షుడు రూజ్వెల్టు ఓహేర్‌కు దేశపు అత్యున్నత సైనికపతకాన్ని ఇచ్చాడు. ఆ యుద్ధంలో దాన్ని పొందిన తొలి నౌకాదళ వైమానికుడు అతడే. ఆ తరువాత ఊరేగింపులు, ఉపన్యాసాలు. వైల్డ్‌కాట్లను తయారుచేసే గ్రమ్మన్ కర్మాగారపు కార్మికులు సిగరెట్లు కానుకగా ఇచ్చారు, అక్షరాలా 2,30,000! ఈ కాలంలో ఇట్టి కానుక ఎవరూ ఇవ్వరనుకుంటాను. సిగ్గరి అయిన ఓహేర్‌కు ఈ సంబరాలు నచ్చలేదు. తిరిగి దళంలోకి వచ్చి పిల్ల వైమానికులకు శిక్షణ ఇచ్చాడు. ఈలోగా, మే నెలలో లెక్సింగ్టన్ మునిగిపోయినది. ఆగస్టులో డ్యుఫిలో మరణించాడు.

1943 చివరకు ఓహేర్ ఎంటర్‌ప్రైజ్ నౌక మీది విమానాలన్నిటికీ నాయకుడైనాడు. వైల్డ్‌కాట్ స్థానంలో హెల్‌కాట్ వచ్చినది: 1,200 అశ్వశక్తికి బదులు 2,000, నాలుగు తుపాకులకు బదులు ఆరు. పగటివేళ అమెరికా నౌకల దగ్గరకు రావడం జపాను వారికి ప్రాణాంతకమైపోయినది. అందుచేత వారు రాత్రిని ఎన్నుకొన్నారు. నవంబరు 20న అమెరికా సేనలు గిల్బర్ట్ దీవులలోని తరావా, మకిన్‌ల మీద దిగాయి. ఆనాటి సాయంకాలమే ఇండిపెండెన్స్ అనే వాహకనౌకకు టార్పెడో తగిలినది. బాంబర్లు చీకటి పడుతుండగా నీటికి దగ్గరగా ఎగిరివచ్చేవి, వెలుగుబాణాలు జారవిడిచి నౌకలను చూచుకొనేవి. డెక్కు మీద వందలకొద్దీ విమానచోదకులున్నా చీకటిలో వారు చేయగలది లేదు.

నౌకలకు రాడార్ ఉన్నది కదా అని అడగవచ్చు. ఉన్నది. ఆ యంత్రం పనిచేసే తీరు మన విద్యార్థులకు తెలిసినదే. ఏరియల్ నుండి రేడియో తరంగాల తునక ఒకటి బయలుదేరి, వస్తువును తాకి వెనుకకు వస్తుంది. మైక్రోసెకండుకు 300 మీటర్ల చొప్పున పోయిరావాలి కనుక, 30 కిలోమీటర్ల దూరాన ఉన్న విమానం జవాబు సెకండులో ఐదువేలవ వంతులో తిరిగి చేరుతుంది. కాలాన్ని కొలిస్తే దూరం తెలుస్తుంది. నౌక రాడార్ ముందు కూర్చున్న అధికారి రేడియోలో దారి చెప్పి తన విమానాన్ని శత్రువుకు ఒకటి రెండు మైళ్ళ దూరం వరకు తేగలడు. అంతకంటె దగ్గరకు తేవడానికి ఆ కొలత చాలదు. పగలైతే ఆ మిగతా దూరాన్ని కన్ను పూర్తిచేస్తుంది. రాత్రి?

ఎంటర్‌ప్రైజ్‌లో ఆలోచించినవారికి తోచిన ఉపాయం ఇది. అవెంజర్ అనే మూడు మనుషుల టార్పెడో విమానంలో ఒక చిన్న రాడార్ అమర్చి ఉన్నది. అది ప్రధానంగా సముద్రం మీది ఓడలను వెదకడానికి చేసినది. హెల్‌కాట్‌లో మనిషి ఒక్కడే. ఆనాడు ఆ నౌకలోని హెల్‌కాట్లలో రాడార్ లేదు. ఒక అవెంజర్‌ను నడుమ పెట్టి, దాని రెండు పక్కల రెండు హెల్‌కాట్లు ఎగరాలి. నౌక రాడార్ వీరిని కొన్ని మైళ్ళలోపునకు తెస్తుంది. అక్కడినుండి అవెంజర్ రాడార్ దారిచూపుతుంది. చివరకు శత్రువు ఇంజను పొగగొట్టాల మెరుపు కంటబడగానే హెల్‌కాట్లు పోయి కొడతాయి. మూడు మెట్ల నిచ్చెన వంటిది ఈ ఏర్పాటు. పైమెట్టు కన్నే.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది రాడార్‌ది. తునక బయలుదేరుతున్నంతసేపూ యంత్రం వినలేదు. తునక ఒక్క మైక్రోసెకండు సాగినదనుకుంటే, 150 మీటర్లలోపు ఉన్న వస్తువు జవాబు తునక ముగియకముందే వచ్చి వృథా అయిపోతుంది. పైగా తెరమీది చుక్క ఇక్కడ ఏదో ఉన్నదని చెబుతుందే గాని అది ఎవరిదో తనంతట చెప్పదు. స్వపక్ష విమానాలు రాడార్‌కు గుర్తుగా జవాబిచ్చే పరికరాలు అప్పటికే ఉన్నాయి. అవి రాడార్ ముందు కూర్చున్నవానికి ఉపయోగం, తుపాకి వెనుక కూర్చున్నవానికి కాదు. రెండో చిక్కు కంటిది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట వరకు పడుతుంది. ఒక్క మెరుపు చాలు, ఆ అలవాటు చెడిపోవడానికి. అదిగాక, సూటిగా చూసినప్పుడు బింబం పడే రెటీనా మధ్యభాగంలో మసకవెలుతురును గ్రహించే దండకణాలు లేవు. చీకటిలో దేన్నైనా సూటిగా చూస్తే అది మాయమవుతుంది. మినుకుమనే నక్షత్రాన్ని కొంచెం పక్కకు చూస్తేనే కనిపించడం ఈ కారణం చేతనే. ఇది మీరు డాబా మీద నిలబడి పరీక్షించుకోవచ్చు. గన్నరు మాత్రం సూటిగానే గురిపెట్టాలి గదా.

నవంబరు 24 తెల్లవారుజామున ఒకసారి బయలుదేరి చూశారు, శత్రువు తగలలేదు. 26న సాయంత్రం సుమారు ఆరు గంటలకు మళ్ళీ లేచారు. అవెంజర్ చోదకుడు లెఫ్టినెంట్ కమాండర్ జాన్ ఫిలిప్స్. రాడార్ దగ్గర లెఫ్టినెంట్ హేజెన్ రాండ్. వెనుక పైభాగపు గాజుగుమ్మటంలో గన్నరుగా ఇరవైయేళ్ళ ఆల్విన్ కెర్నన్. హెల్‌కాట్లలో ఓహేర్, ఎన్‌సైన్ వారెన్ స్కాన్. అమెరికా విమానవాహక నౌకనుండి రాత్రివేళ రాడార్ సాయంతో శత్రువిమానాన్ని వేటాడిన మొదటి ఘటన ఇదే.

నిచ్చెన మొదటినుండే సరిగా నిలబడలేదు. లేస్తూనే హెల్‌కాట్లను ఒకవైపు తరిమారు, అవెంజర్ వేరొకవైపు పోయినది. అప్పుడు జరిగినది ఎవరూ అనుకోనిది: వేటకుక్కగా తెచ్చిన అవెంజరే వేట ముగించినది. రాండ్ తెరమీద బాంబరును పట్టాడు, ఫిలిప్స్ దాని పొగగొట్టాల వెలుగు చూసి దగ్గరకు పోయి కాల్చాడు. సముద్రం మీద మంట లేచినది. కొంతసేపటికి రెండోది. దీనితో జపాను బాంబర్ల వరుస చెదిరినది. ఆ రాత్రి అమెరికా నౌకలకు టార్పెడో ఏదీ తగలలేదు.

ఇప్పుడు హెల్‌కాట్లు అవెంజర్‌ను చేరుకోవాలి. చీకటిలో ఒకరికొకరు కనిపించడంలేదు. ఒకరినొకరు తెలుసుకోవడానికి దీపాలు క్షణకాలం వెలిగించారు. శత్రువులు తిరుగుతున్న ఆకాశంలో దీపం వెలిగించడం ఎంత ప్రమాదమో వారికి తెలియనిది కాదు. వెలిగించకపోతే కలుసుకోలేరు. ఓహేర్ అవెంజర్‌కు కుడివైపున, స్కాన్ ఎడమవైపున చేరుతున్నారు. ఆ సమయంలో వెనుక, పైగా, మరొక విమానపు నల్లని ఆకారం కెర్నన్‌కు కనిపించినది. కాల్చాడు. ఆ విమానమూ కాల్చి చీకటిలోకి పోయినది. ఇదంతా కొన్ని సెకండ్లే. అంతలో ఓహేర్ విమానం వరుస తప్పి, అడ్డంగా జారి, కిందికి పోయినది. స్కాన్ వెంబడించాడు. సముద్రం మరీ దగ్గరైపోగా పైకి లేవక తప్పలేదు. రేడియోలో పిలిచాడు, ఫిలిప్స్ కూడా పిలిచాడు. జవాబు లేదు. రాత్రి వెదకినా, తెల్లవారినాక వెదకినా ఒక తునక గాని, నూనె మరక గాని దొరకలేదు. ఫిలిప్స్, స్కాన్ ఎంటర్‌ప్రైజ్ డెక్కు మీద క్షేమంగా దిగారు.

ఓహేర్‌కు భార్య, ఏడాది నిండని కూతురు ఉన్నారు. ఒక సంవత్సరంపాటు అతని పేరు 'జాడ తెలియనివారు' అన్న పట్టికలో ఉండి, 1944 నవంబరులో మరణించినట్లు ప్రకటింపబడినది.

అతన్ని కాల్చినది ఎవరు? స్వపక్షపు తూటాయే తగిలి ఉంటుందని చాలామంది నమ్మారు, పుస్తకాలలోనూ అట్లా రాశారు. ఆ మాటకు అర్థం, ఇరవైయేళ్ళ కెర్నన్ తన నాయకుణ్ణి, దేశం మొత్తం ఎరిగిన వీరుణ్ణి, చంపాడని. కెర్నన్ యుద్ధం తరువాత చదువుకొని ఆంగ్లసాహిత్యంలో ఆచార్యుడై యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలలో పాఠం చెప్పాడు. షేక్స్పియర్ మీద పేరుమోసిన పండితుడు. ఆ రాత్రి ప్రశ్న మాత్రం అర్ధశతాబ్దం పాటు అతన్ని వెంటాడినది. తాను కాల్చినది జపాను విమానాన్నే అని అతడు చెప్పాడు. 1997లో స్టీవ్ యూయింగ్, జాన్ లండ్‌స్ట్రమ్ అనే చరిత్రకారులు ఓహేర్ జీవితచరిత్ర ప్రచురించారు. వారు బతికివచ్చిన వారి మాటలను, రెండు పక్షాల పత్రాలను దగ్గర పెట్టుకొని, ఎవరు ఏ వైపున, ఎంత ఎత్తున ఉన్నారో, ఏ తుపాకి ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో ఒక్కొక్కటే కట్టి చూశారు. చీకటిలో వరుసలోకి చొరబడిన జపాను బాంబరు ముక్కు భాగపు తుపాకి తూటాలే ఓహేర్‌కు తగిలి ఉండాలని తేల్చారు.

ఈ తీర్పు నాకు సబబుగానే తోస్తున్నది. అయినా శకలాలు దొరకని కేసులో రుజువు అనే మాటకు ఒక హద్దు ఉన్నది. ప్రయోగశాలలో మనం వాడే అర్థంలో ఆ మాట ఇక్కడ వాడలేము. లెక్సింగ్టన్ గన్నరు ఒకడు పట్టపగలు, సొంత నౌక పక్కనే, ఓహేర్‌ను శత్రువనుకొన్నాడు. అటువంటప్పుడు ఆ రాత్రి నాలుగు విమానాలు ఒకదానినొకటి కొన్ని వందల గజాల దూరంలో పోల్చుకోలేకపోవడంలో వింత ఏముంది? తప్పు ఎవరిదని వెదకేవారు ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం మరచిపోయారు.

తరువాతి మార్పు ఆ దూరం మీదనే జరిగినది. మూడు విమానాల జట్టు అనే పద్ధతి ఎక్కువకాలం నిలవలేదు. మూడు సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే చిన్న రాడార్ తయారై, హెల్‌కాట్ కుడిరెక్క అంచున ఒక గుండ్రని బుడిపెలో ఇమిడినది. తరంగం పొట్టిదైతే చిన్న ఏరియల్ నుండి కూడా సన్నని కిరణంగా వెలువడుతుంది. అందుచేత దిక్కు మరింత కచ్చితంగా తెలుస్తుంది. చోదకుని ఎదుటనే తెర. ఇక చీకటిలో ఒకరినొకరు వెదుక్కొని చేరవలసిన అవసరం లేదు; వెదకేవాడూ, చూచేవాడూ, కాల్చేవాడూ ఒక్కడే. 1944 డిసెంబరులో అటువంటి విమానాలతో, రాత్రిపనికే ప్రత్యేకించిన వాహకనౌకగా మళ్ళీ సముద్రంలోకి బయలుదేరినది ఎంటర్‌ప్రైజే.